వృత్తివిద్యయు మన సీమలోని పనులును

కోటి విద్యలు కూటి కొరకే యని మన పెద్దలు చెప్పిరి. నేడు ధర్మపురి సీమలో చూడగా విద్య యొక దారిని, కూడు వేరొక దారిని పోవుచున్నట్లు కనబడుచున్నది. పదవ తరగతి, పన్నెండవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడిన పిమ్మట మన యిండ్లలో జరుగు ఆలోచనలను గమనించినచో ఈ సంగతి తేటపడును. ఏ కళాశాలలో చోటు దొరకును, ఎంత రుసుము కట్టవలెను, ఏ పట్టము చేతికి వచ్చును అను ప్రశ్నలే వినబడుచుండును. ఆ చదువు ముగిసిన నాడు ఈ సీమలో దానికి తగిన పని యున్నదా యని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నను మన సభ్యుల యెదుట ఉంచుట ఈ వ్యాసము నుద్దేశము.

భాషా సంఘపు పత్రికకు ఫిట్టరు పనితోను వెల్డరు పనితోను ఏమి సంబంధమని కొందరు అడుగవచ్చును. సంబంధము కలదు; అది దగ్గరి సంబంధమే. మన పూర్వులలో పెక్కుమంది విజయనగర ప్రభువుల కాలమునను, ఆ పిదప నాయకుల కాలమునను ఈ ప్రాంతములకు వచ్చి నిలిచిరి. ఇక్కడ వారికి భూమి దొరకినది, నేతకు నూలు దొరకినది, వర్తకమునకు సంత దొరకినది. పని దొరకిన చోట ఊరు నిలిచినది. ఊరు నిలిచిన చోట భాషయు నిలిచినది. పనికై యువకులు బెంగుళూరునకును, తిరుప్పూరునకును, కేరళమునకును పోవుచుండగా ఇంట ముదుసలి తలిదండ్రులు మాత్రము మిగులుచున్నారు. పిల్లలు లేని ఊరిలో తెలుగు పాఠశాల ఎన్నాళ్లు నడచును? ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు తగిన వసతులు కల్పింపవలెనని రాజ్యాంగములోని 350-ఎ అధికరణము చెప్పుచున్నది. 1956లో చేర్చబడిన ఆ అధికరణము బడిలో కూర్చున్న బిడ్డకు అండగా నిలువగలదు గాని, బడికి బిడ్డను తెచ్చి యియ్యజాలదు. బిడ్డను బడికి తెచ్చునది తలిదండ్రుల జీవనోపాధి. కావున మన సీమలో మన బిడ్డలకు పని దొరకునట్లు చూచుకొనుట భాషా రక్షణలో మొదటి మెట్టని మా యభిప్రాయము.

సీమ స్థితి

ధర్మపురి జిల్లా 1965 అక్టోబరు 2వ తేదీన సేలం జిల్లానుండి వేరుపడినది. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా దీనినుండి విడిపోయినది. ఆ విభజనతో హోసూరు పరిశ్రమలు, కృష్ణగిరి మామిడి గుజ్జు కర్మాగారములు ఆ జిల్లాకు చేరినవి. మెట్టసేద్యమును, అడవి కొండలును, వలసపోవు కూలీలును ఎక్కువ పాలు ఈ జిల్లాకు మిగిలిరి. 2011 జనాభా లెక్కలలో ధర్మపురి జనసంఖ్య 15,06,843. అక్షరాస్యతయందు ఆ లెక్కలలో ఈ జిల్లా రాష్ట్రమున అన్నిటికంటె వెనుక నిలిచినది.

ఒక వంక ఇట్లుండగా, మరియొక వంక తమిళనాడు పై చదువులలో దేశమునకు ముందున్నది. 2021-22 సంవత్సరపు అఖిల భారత సర్వేలో ఉన్నత విద్యా ప్రవేశ నిష్పత్తి దేశమంతటికి 28.4 కాగా, తమిళనాడునకు 47. ఇది గర్వింపదగిన సంగతియే. అయినను పట్టముల సంఖ్య పెరిగినంత మాత్రమున పని పెరుగదు. ఇంజినీరింగు చదివిన కుర్రవాడు దుకాణములో లెక్కలు వ్రాయుచుండగా, ఊరిలో పంపుసెట్టు మోటారు కాలిపోయినచో కాయిలు చుట్టువాడు దొరకక రైతు రెండు మూడు దినములు నీరు లేక ఉండుట మన పల్లెలలో క్రొత్త కాదు. చదివినవానికి పని లేదు, పనికి తగినవాడు లేడు. ఈ రెండు కొరతలును ఒకే ఊరిలో ఒకే కాలమున ఉండుటయే మన సమస్య.

మూడు పాత పాఠములు

చదువును పనితో ముడివేయవలెనను ఆలోచన క్రొత్తది గాదు. మన సీమలోనే అది మూడు పర్యాయములు పరీక్షకు వచ్చినది. ఆ మూడును జ్ఞప్తియందుంచుకొనుట మేలు.

మొదటిది సేలం నేత కర్మాగారము. నాడు ధర్మపురి సేలం జిల్లాలోని భాగము. 1906 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వమువారు ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ దొర ఆలోచనను అనుసరించి సేలములో చేమగ్గముల కర్మాగారము నొకదానిని పెట్టిరి. మేలైన మగ్గములపై నేయించి నేతగాండ్ర రాబడిని పెంచవలెనని వారి సంకల్పము. మగ్గములు మంచివే, సంకల్పమును మంచిదే. కాని నేతగాడు ఇల్లు విడిచి, గంట కొట్టిన వేళకు వచ్చి, కూలికి నేయుటకు ఇష్టపడలేదు. ఇంట భార్య నూలు చుట్టును. పిల్లలు కండెలు అందింతురు. ముసలి తండ్రి పడుగు సవరించును. ఒక్క మగ్గము చుట్టు కుటుంబమంతయు అల్లుకొనియుండగా, ఆ కుటుంబమునుండి ఒక్కని మాత్రము విడదీసి తెచ్చుట సాధ్యపడలేదు. తుదకు 1910లో ఇండియా మంత్రి లార్డ్ మార్లే, ప్రభుత్వమే పరిశ్రమలను నడుపుట తగదని అభ్యంతరము తెలుపగా ఆ ప్రయత్నము ముగిసినది.

రెండవది రాజాజీగారి 1953 నాటి పథకము. చక్రవర్తి రాజగోపాలాచారిగారు 1878లో హోసూరు దగ్గరి తొరపల్లిలో జన్మించిరి. ఆ యూరు 1965నుండి 2004వరకు ధర్మపురి జిల్లాలోనే యుండెను. వారు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నున్నపుడు గ్రామములలోని ప్రాథమిక పాఠశాలల వేళలను దినమునకు మూడు గంటలకు తగ్గించి, పిల్లలను రెండు జట్లుగా చేసి, మిగిలిన ప్రొద్దు వారు తండ్రి పనిని నేర్చుకొనవలెనని ఏర్పరచిరి. ఉన్న ఉపాధ్యాయులతోనే ఎక్కువమంది పిల్లలకు చదువు చెప్పింపవచ్చునని ఒక యుద్దేశము. చేతిపనికి గౌరవము తేవలెనని మరియొక యుద్దేశము. కాని మంగలి కొడుకు మంగలియే, చాకలి కొడుకు చాకలియే కావలెనా యని రాష్ట్రమంతట ఆందోళన లేచినది. దానికి కులవిద్యా పథకమను పేరు నిలిచిపోయినది. 1954లో ముఖ్యమంత్రియైన కామరాజుగారు ఆ సంవత్సరమే దానిని ఎత్తివేసిరి. చేతిపనిని ప్రజలు నిరాకరింపలేదు. పుట్టుకను బట్టి పనిని నిర్ణయించుటను నిరాకరించిరి. ఈ భేదమును నేటికిని మరువరాదు.

మూడవది 1978లో పన్నెండవ తరగతి వరకు పాఠశాలలను విస్తరించినపుడు వచ్చిన వృత్తివిద్యా శాఖ. లెక్కలు, విజ్ఞానము, చరిత్ర వంటి శాఖల ప్రక్కనే సేద్యము, యంత్రపు పని, కుట్టుపని, కార్యాలయపు పని మున్నగునవి నేర్పనారంభించిరి. అంతకుముందు 1964-66 నాటి కొఠారి సంఘము ఇట్టి మార్పును కోరియుండెను. 1986 జాతీయ విద్యావిధానము మరింత ముందునకు పోయి, 1990 నాటికి ఉన్నత పాఠశాలా విద్యార్థులలో నూటికి 10 మంది, 1995 నాటికి నూటికి 25 మంది వృత్తివిద్యలో చేరవలెనని గురి పెట్టినది. ఆ గురి దేశమున నెరవేరలేదు. ఏల? మార్కులు తక్కువ వచ్చినవారిని తోయు మూలగా ఆ శాఖ జనుల కంటికి కనబడినది; అందు చేరినవానికి పై చదువుల ద్వారములు ఇరుకైనవి. వెనుకకు మరలు దారియు, పైకెక్కు మెట్టును లేని చోటికి ఏ తల్లి తన బిడ్డను సంతోషముతో పంపును?

మొదటి ప్రయత్నము పనివాని బ్రతుకుతీరును చూడలేదు. రెండవది కులపు కట్టును దాటలేదు. మూడవది పై మెట్టును చూపలేదు. నేడు ఎవరు ఏ క్రొత్త పథకమును తెచ్చినను దానిని ఈ మూడు గీటురాళ్లపై గీచి చూడవలెను.

హోసూరు నేర్పిన సంగతి

1971లో సిప్కాట్ సంస్థ యేర్పడిన పిదప హోసూరులో పారిశ్రామికవాడ వెలసినది. 1980లో అశోక్ లేలాండు వారి కర్మాగారము వచ్చినది. అదే సంవత్సరమున టీవీఎస్ 50 మోపెడు హోసూరునుండి వీధులకెక్కినది. ఆ దశకములోనే టైటాన్ గడియారముల కర్మాగారము పని మొదలుపెట్టినది. అప్పుడు ఈ సీమలో గడియారపు పని తెలిసినవారు లేకుండిరి. టైటాన్ వారు పల్లెటూళ్ల పాఠశాలలలో చదువు ముగించిన బాలబాలికలను ఎంచి, తామే పని నేర్పి, గడియారములు చేయించిరి. తరువాత 1990 దశకములో మైరాడా అను సేవాసంస్థ తోడ్పాటుతో హోసూరు చుట్టుపట్ల గ్రామముల స్త్రీలు మెడో అను పేర ఒక సంస్థగా ఏర్పడి గడియారపు పట్టీల కూర్పు వంటి పనులను తామే గుత్తకు తీసుకొని నడపిరి. పల్లెటూరి చేతికి సూక్ష్మమైన పని రాదను మాట అబద్ధమని ఆనాడే తేలిపోయినది.

నేటి సంగతి చూతము. 2021లో ఓలా విద్యుత్ స్కూటర్ల సంస్థవారు పోచంపల్లి వద్ద తమ కర్మాగారమును స్త్రీలతోనే నడపుదుమనియు, పదివేలమంది స్త్రీలకు పని యిత్తుమనియు ప్రకటించిరి. 2022 నవంబరులో కేంద్ర మంత్రి ఒకరు హోసూరులో ఐఫోనుల కర్మాగారము వచ్చుచున్నదని చెప్పుచు, రాంచీ, హజారీబాగు ప్రాంతముల గిరిజన స్త్రీలు ఆరువేలమందికి ఆ పనిలో శిక్షణ ఇప్పించితిమని తెలిపిరి. రాంచీనుండి హోసూరునకు రైలులో వేయి మైళ్లకు మించిన ప్రయాణము. ధర్మపురినుండి హోసూరునకు సుమారు 90 కిలోమీటర్లు. ఆ ఆడబిడ్డలు వచ్చుట తప్పని మేము చెప్పుట లేదు. పొట్టచేత పట్టుకొని వచ్చినవారిని ఆదరించుట మన ధర్మము. మన పూర్వులును ఒకనాడు అట్లు వచ్చినవారే. మేము అడుగునది వేరు. వేయి మైళ్ల దూరమున శిక్షణ ఇచ్చి తీసుకొని రాగలిగిన ఏర్పాటు, తొంబది కిలోమీటర్ల దూరములోని మన ఇంటి ఆడపిల్లల గడపకు ఎంతవరకు వచ్చినది? వచ్చినచో మనమెంతమంది ఆ పిల్లను పంపితిమి?

ఇందు తప్పు ప్రభుత్వముదే యనుట సులువు. మన పాలును కలదు. ఐ.టి.ఐ. చదివిన వరుడనగానే పెండ్లి పెద్దలు పెదవి విరుచుచున్నారు. వరుని జీతమెంతయని అడుగుటకు ముందే పట్టమేదని అడుగుచున్నారు. నెలకు ఎనిమిదివేలు తెచ్చు పట్టభద్రునికి దొరకు మర్యాద, దానికి రెండింతలు తెచ్చు మెషినిస్టుకు దొరకుట లేదు. ఈ చూపు మారనిదే ఎన్ని పాఠశాలలు తెరచినను ప్రయోజనము అంతంతమాత్రమే.

ధర్మపురికి కావలసిన చేతులు

సీమ అవసరములకు తగిన విద్యయనగా హోసూరు కర్మాగారములకు మనుష్యులను సరఫరా చేయుటయని కొందరు తలచుచున్నారు. అది సగము మాట. మిగిలిన సగము మన జిల్లాలోనే యున్నది.

పాలక్కోడు టమాటాల సంగతి అందరికిని తెలిసినదే. ధర పడిపోయిన నాడు రైతు పండును రోడ్డు ప్రక్కన పారబోయును. ధర లేచిన నాడు అతని తోటలో కాయ యుండదు. పండును కొన్నాళ్లు నిలువచేయుటకు శీతల గిడ్డంగి వలెను. గిడ్డంగి నడచుటకు శీతల యంత్రములను బాగుచేయు మెకానిక్కు వలెను. పండును గుజ్జుగా, పచ్చడిగా, పొడిగా మార్చుటకు ఆహారపదార్థముల శుద్ధి తెలిసినవారు వలెను. హరూరు, పాప్పిరెడ్డిపట్టి తాలూకాలలో కర్రపెండలము, పసుపు పండుచున్నవి. ధర్మపురిలో పట్టుగూళ్ల విపణి యున్నది. గూటినుండి దారము తీయు యంత్రములు మారిపోవుచున్నవి, వానిని నడుపువారును బాగుచేయువారును కావలెను. కొండ పల్లెలలో సామలు, రాగులు, కొర్రలు పండుచున్నవి. నగరములలో వానికి గిరాకి పెరిగినను, పొట్టు తీయు యంత్రము చెడినచో బాగుచేయించుకొనుటకు దూరపు పట్టణమునకు పోవలసి వచ్చుచున్నది.

నీటి సంగతి మరియొకటి. ఫ్లోరైడు నీటివలన పండ్లు పసుపువారి, ఎముకలు వంగి బాధపడిన తరములు మన జిల్లాలో కలవు. జపానువారి ఋణసహాయముతో కట్టిన హొగెనకల్ త్రాగునీటి పథకము 2013లో ప్రారంభమైనది. కావేరి నీరు కొండలు దాటి ఊరూరికి పోవుచున్నదన్నచో, దాని వెనుక పంపులు, విద్యుత్తు బోర్డులు, కవాటములు, గొట్టములు, నీటి పరీక్షలు ఉన్నవి. వానికి తర్ఫీదు పొందిన చేతులు ఏటేట కావలెను. 2008లో ఏర్పడిన ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికిని అట్లే పరికరములు బాగుచేయువారు, పరీక్షశాల సహాయకులు, రోగులను చూచుకొను సహాయకులు కావలెను. ఇవి యెక్కడికిని వలసపోని పనులు. కర్మాగారము గిట్టుబాటు కానిచో వేరొక రాష్ట్రమునకు తరలిపోవచ్చును. హొగెనకల్ నీరు, పాలక్కోడు టమాటా, ధర్మపురి ఆసుపత్రి తరలిపోవు.

సిత్తిలింగి లోయలో లంబాడీ స్త్రీలు తమ అమ్మమ్మల నాటి కుట్టుపనిని మరల నేర్చి, పోర్గై అను పేర సంఘముగా ఏర్పడి, బట్టలు కుట్టి అమ్ముకొనుచున్నారు. మరచిపోయిన విద్యయు తగిన అంగడి దొరకినచో కూడు పెట్టునని ఆ స్త్రీలు చూపించిరి. వారి సంఘములో చేరినది పుట్టుక చెప్పిన నిర్బంధము చేత గాదు, తమ యిష్టము చేత. రాజాజీగారి పథకమునకును దీనికిని ఉన్న తేడా యిదే.

రెండు ఆక్షేపణలు

కర్మాగారపు పని కంట్రాక్టు పని, జీతము తక్కువ, కొన్నేండ్లు వాడుకొని పంపివేయుదురు, అట్టి పనికై పిల్లవాని చదువు చెడగొట్టుట యేల యని పెద్దలు అడుగుచున్నారు. ఆ భయము నిరాధారమైనది గాదు. కాని దానికి మందు వృత్తివిద్యను మానుట గాదు, దానిలోని మెట్లను తెలిసికొనుట. పదవ తరగతి ముగించి ఐ.టి.ఐ.లో రెండేండ్లు చదివినవాడు పాలిటెక్నిక్కులో నేరుగా రెండవ సంవత్సరమున చేరవచ్చును. డిప్లొమా ముగించినవాడు ఇంజినీరింగు కళాశాలలో నేరుగా రెండవ సంవత్సరమున చేరవచ్చును. అనగా ఫిట్టరుగా మొదలైనవాడు, పనిచేయు చేతితోనే, పట్టభద్రుడు కాగలడు. 1978 నాటి శాఖలో జనులు చూడలేకపోయిన మెట్టు ఇక్కడ కలదు. మన వారిలో ఎందరికి ఈ సంగతి తెలియును?

అంతేగాక 1961 నాటి అప్రెంటిసుల చట్టము కలదు. ముప్పదిమందికి తక్కువ కాకుండ పనివారున్న సంస్థ తన పనివారి సంఖ్యలో నూటికి రెండున్నరకు తగ్గకుండ అప్రెంటిసులను తీసికొనవలెనని నేటి నిబంధన. అంతకంటె చిన్న సంస్థలు, నలుగురు పనివారున్నను, ఇష్టమున్నచో తీసికొనవచ్చును. పని నేర్చుకొను కాలమున నేర్చుకొనువానికి భత్యము ముట్టును. చివర పరీక్ష నెగ్గినచో దేశమంతట చెల్లు సర్టిఫికేటు వచ్చును. సర్టిఫికేటు లేక పని నేర్చినవాడు యజమాని దయపై బ్రతుకును. సర్టిఫికేటు ఉన్నవాడు యజమానిని మార్చగలడు. కంట్రాక్టు భయమునకు ఇదియొక విరుగుడు.

రెండవ ఆక్షేపణ మరింత లోతైనది. విద్యను కర్మాగారముల అవసరములకు కట్టివేసినచో పాఠశాల యజమానుల పనిమనిషి కాదా? నిజమే, కట్టివేసినచో అగును. హోసూరులోనే నిదర్శనము కలదు. 1980లో మోపెడు వచ్చినపుడు కార్బురేటరు విప్పి బిగించుట నేర్చినవానికి ఊరూర బ్రతుకుతెరువు దొరకినది. నేడు అదే హోసూరు ప్రాంతమున విద్యుత్ స్కూటర్లు తయారగుచున్నవి. వానికి కార్బురేటరే లేదు. కార్బురేటరు మాత్రమే నేర్చినవాని అంగడి మూతపడును. విద్యుత్తు ఎట్లు పారును, బరువు ఎట్లు నిలుచును, కొలత ఎట్లు తీయవలెను, నమూనా పటమును ఎట్లు చదువవలెను అని మూలము నేర్చినవాడు మూడు నెలల శిక్షణతో క్రొత్త యంత్రమునకు మారగలడు. జర్మనీ దేశమున పని నేర్చుకొను యువకుడు వారములో మూడు నాలుగు దినములు సంస్థలో పనిచేసి, మిగిలిన ఒకటి రెండు దినములు పాఠశాలకు పోవును. 1969 నాటి చట్టము ఆ పద్ధతిని దేశమంతట క్రమబద్ధము చేసినది. అక్కడ పరీక్ష పెట్టునది ఏ ఒక్క యజమానియు గాదు, వర్తక వృత్తుల మండలి. అందువలన ఒక సంస్థలో నేర్చిన విద్య మరియొక సంస్థలో చెల్లును. సీమకు తగిన విద్యయనగా నేటి యంత్రమునకు తగిన విద్యయని కాక, రేపటి యంత్రమునకు మారగల విద్యయని మనము అర్థము చేసికొనవలెను.

ప్రభుత్వము ఊరకుండలేదని చెప్పుట న్యాయము. టాటా టెక్నాలజీస్ సంస్థతో కలిసి తమిళనాడు ప్రభుత్వమువారు 71 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను సుమారు 2,877 కోట్ల రూపాయల వ్యయముతో నవీకరించుటకు పూనుకొనిరి. 2022లో పుదుమై పెణ్ పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలలలో చదివిన బాలికల పై చదువునకు నెలకు 1,000 రూపాయలు ఇచ్చుట మొదలుపెట్టిరి, ఐ.టి.ఐ. చదువును అందులో చేర్చిరి. 2024లో బాలురకును ఇట్టి పథకము వచ్చినది. తెలంగాణమునను 2024లో 65 ఐ.టి.ఐ.లను ఇదే రీతిని మార్చుటకు పూనుకొనిరి. యంత్రములు వచ్చుచున్నవి. ఆ యంత్రముల ముందు నిలుచువారిలో మన బిడ్డలు ఉందురా యనునదే ప్రశ్న.

భాష మాట

2006 నాటి తమిళ అభ్యాస చట్టము తరువాత మన పిల్లలు తమిళమును మొదటి భాషగా చదువవలసి వచ్చినది. ఆ విషయమై న్యాయస్థానములలో భాషా అల్పసంఖ్యాకులు చేసిన వాదములు పాఠకులకు తెలిసినవే. వానిని ఇక్కడ తిరిగి చెప్పము. వృత్తివిద్య మట్టుకు మా మాట యిది. ధర్మపురిలో తెలుగు మాధ్యమపు ఐ.టి.ఐ. కావలెనని మేము కోరము. పని చోట తమిళము కావలెను, పుస్తకములోని పేర్లకు ఆంగ్లము కావలెను. మన బిడ్డలు ఆ రెంటిని చక్కగా నేర్చుకొనవలెను. కాని పనిముట్టు పేరు, ప్రమాద హెచ్చరిక, కొలత లెక్క మొదటిసారి మనసున నాటుకొనునది ఇంటి మాటలోనే. మన సుత్తిని తమిళులు సుత్తియల్ అందురు; మన ఉలి వారి ఉళి. ఈ పనిముట్లను పట్టిన చేతులు భాషల తగవులకంటె పాతవి. దాగలి, పటకారు, ఆకురాయి, చిత్రిక, బాడిస, నాడె, పడుగు, పేక యను మాటలు మన ముసలివారి నోట ఇంకను ఉన్నవి. ఒక్కొక్క వృత్తికి తెలుగు, తమిళము, ఆంగ్లము మూడు వరుసలలో మాటల పట్టిక నొకదానిని మన సంఘము చిన్న పుస్తకముగా అచ్చు వేయించినచో, అది బిడ్డకు మెట్టగును, భాషకు పట్టుగొమ్మ యగును.

తెలుగు వచ్చుట ఈ సీమలో అడ్డంకి గాదు, ఆస్తి. కృష్ణగిరి దాటగానే కుప్పము. ఆవల చిత్తూరు, సత్యవేడు ప్రక్క శ్రీసిటీ. పెనుకొండ వద్ద 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభించిన కియా కర్మాగారము. హోసూరు కర్మాగారములలో తమిళులు, తెలుగువారు, కన్నడిగులు ఒకే వరుసలో పనిచేయుచున్నారు. మూడు భాషలలో మాటలాడి, రెండు భాషలలో వ్రాయగల పనివాడు మేస్త్రీ యగును, సూపర్వైజరగును. తెలుగు మాటలాడుట మాత్రము వచ్చి చదువ వ్రాయ రానివానికి ఈ లాభము సగమే. ఇంట తెలుగు అక్షరములు నేర్పుడని మేము ఎన్నో యేండ్లుగా చెప్పుచున్న మాటకు ఇదియొక క్రొత్త కారణము.

మనము చేయవలసినవి

విన్నపములు వ్రాయుట మన సంఘములకు అలవాటే, వ్రాయవలసినదే. జిల్లా కలెక్టరుగారికి మన సంఘము ఒక విన్నపము చేయవలెను: జిల్లాలో ఏ వృత్తికి ఎందరు కావలెనో ప్రతి మూడేండ్లకు ఒకసారి విచారించి ప్రకటించవలెననియు, ఐ.టి.ఐ.లోని శాఖలను, చోట్లను ఆ విచారణకు తగినట్లు మార్చవలెననియు, ఆ విచారణలో రైతులను, చిన్న దుకాణదారులను, ఆసుపత్రులను గూడ అడుగవలెననియు. పెద్ద కర్మాగారములను మాత్రమే అడిగినచో పెద్ద కర్మాగారముల అవసరమే జిల్లా అవసరమని తేలును.

కాని విన్నపము పంపి చేతులు కట్టుకొని కూర్చుండరాదు. మన చేతిలో నున్న పనులు నాలుగు.

ఒకటి: మన కుటుంబములలో ఎనిమిదవ తరగతి మొదలు పట్టము వరకు చదువుచున్న పిల్లల పట్టికను, చదువు మానినవారి పట్టికను తయారుచేయవలెను. ఎవరికి ఏ పని యందు ఇష్టమో వారినే అడిగి వ్రాయవలెను. తండ్రి యేమి చేయుచున్నాడని వ్రాయనక్కరలేదు.

రెండు: ప్రతి యేడు చదువుల కాలము రాకముందు ఐ.టి.ఐ.కిని, ఒక కర్మాగారమునకును పిల్లలను, వారితోబాటు తల్లులనుగూడ తీసికొనిపోవలెను. పిల్లను పంపవలెనా వద్దా యని నిర్ణయించునది తల్లి. ఆమె కంటితో చూచిన చోటికి పంపును. వినికిడి చోటికి పంపదు.

మూడు: ఆడపిల్ల హోసూరులో ఎక్కడ ఉండును, రాత్రి పాళీ ముగిసిన పిదప ఎట్లు వచ్చును అను ప్రశ్నకు జవాబు చెప్పవలెను. సేలం నేతగాడు కర్మాగారమునకు రాకపోవుటకు కారణము ఇల్లు. నేడు మన పిల్ల పోకపోవుటకును కారణము ఇల్లే. పెండ్లి మంటపములకు, సత్రములకు ధారాళముగా విరాళములిచ్చిన చేతులు మనవారిలో కలవు. హోసూరులో పాతికమంది ఆడపిల్లలు నమ్మకముగా ఉండదగిన వసతి గృహము నొకదానిని, ఒక పెద్దావిడ పర్యవేక్షణలో, అద్దె ఇంటిలో నైనను మొదలు పెట్టుట ఒక మంటపపు గోపురము ఖర్చులో తీరిపోవును.

నాలుగు: మనవారిలో వర్క్‌షాపులు, మోటారు రివైండింగు దుకాణములు, అచ్చుకూటములు, మిల్లులు నడుపువారు కలరు. వారు తమ వద్ద పని నేర్చుకొను కుర్రవానిని ఊరక ఎత్తుడు దించుడు పనులకు వాడుకొనక, చట్టప్రకారము అప్రెంటిసుగా నమోదు చేసి, సర్టిఫికేటు వచ్చు దారి చూపవలెను. ఏ కులపు బిడ్డ వచ్చినను, ఏ భాష బిడ్డ వచ్చినను నేర్పవలెను. మనము అడుగు న్యాయమును మనమే ముందు చేసి చూపినచో ఆ అడుగుటకు బలము వచ్చును.

ధర్మపురి సమీపమున పారిశ్రామికవాడ వచ్చునను మాట చాలకాలముగా వినబడుచున్నది. అది వచ్చిన నాడు మన పిల్లలు గేటు వద్ద కాపలా పనికి నిలుచుందురా, లోపల యంత్రము వద్ద నిలుచుందురా యనునది, వాడ వచ్చిన పిదప తేలునది గాదు. అంతకు ఐదారేండ్ల ముందే, నేడు ఎనిమిదవ తరగతిలో నున్న బిడ్డ విషయమున మనము చేయు నిర్ణయములో తేలును. రాబోవు సంఘ సమావేశమునకు వచ్చు సభ్యులు తమ తమ వీధులలోని పిల్లల పేర్లు, తరగతులు వ్రాసికొని రావలెనని ప్రార్థన. మొదటి పట్టిక ఆనాడే మొదలు కావచ్చును.